ఏడో నంబరు ముద్ర

ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. అందరికీ ఆమె గేజక్కే. పదిహేడేళ్ళుగా ఆఖరి తనిఖీ గదిలో పని చేస్తూ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కొలత గేజి పట్టుకుని తిరిగేది కాబట్టి ఆ పేరు పడింది. పెళ్ళిచూపులకు వచ్చినవాణ్ణి అడ్డంగా నిలువుగా కొలిచి, పావు మిల్లీమీటరు తేడా ఉందని వెనక్కి పంపేసిందని క్యాంటీన్లో జోకులు వేసుకునేవారు. ఆ మాటకు అందరికంటే ముందు నవ్వేది ఆమే.

ఫ్యాక్టరీలో తుపాకులు తయారు కావు. సైన్యంలోని ప్రత్యేక దళాలు వాడే తుపాకులకు తగిలించుకునే సామాను మాత్రం తయారవుతుంది. చేతిపెట్టంత బూడిదరంగు పెట్టె, లోపల నల్లటి స్పాంజి, ఆ స్పాంజిలో ఒక్కో వస్తువు ఆకారంలో కోసిన గుంట. పగలు చూసే గురి గాజు ఒకటి, చీకట్లో చూసేది ఒకటి, ముందు పట్టుకునే పిడి, టార్చి, చప్పుడు తగ్గించే గొట్టం, మడిచే రెండు కాళ్ళ స్టాండు. తుపాకీ ఒకటే. పనిని బట్టి దాని మీద సామాను మారుస్తారు. పనిముట్లేవీ అక్కర్లేదు, ఒక్క మీట తిప్పితే గాజు ఊడి వస్తుంది, ఇంకోటి పెట్టి మీట మూస్తే బిగుసుకుంటుంది. ఎన్నిసార్లు తీసి పెట్టినా గురి వెంట్రుకవాసి కూడా మారకూడదు. ఆ నమ్మకం మొత్తం, మీట కింద తుపాకీ పైనున్న పట్టాను కరిచి పట్టుకునే ఒక చిన్న ఉక్కు దవడ మీద ఉంటుంది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే.

ఆ దవడల్ని ఎర్రగా కాల్చి, నూనెలో దించి, వాటికి గట్టిదనం ఇచ్చేది గేజక్క అన్నయ్య.

ఆయన ఫర్నేసు దగ్గర ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఉన్నాడు. నాన్న పోయేనాటికి గేజక్కకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకు ఇరవై ఒకటి. జడ వేయడం దగ్గర్నుంచి లెక్కలు చెప్పడం దాకా అన్నీ ఆయనే చూశాడు. ఈ ఉద్యోగంలోకి తీసుకొచ్చిందీ ఆయనే. మొదటి రోజు తనిఖీ గది గుమ్మం దాకా వచ్చి దిగబెట్టి, "ఇక్కడ నేను నీకు అన్నయ్యను కాదు. నా సరుకులో తేడా ఉంటే నా మొహం మీదే చెప్పాలి" అన్నాడు. ఆమె చెప్పేది కూడా. మొదట్లో రెండు మూడుసార్లు ఆయన సరుకుకే ఎర్ర చీటీ కట్టి తిప్పి పంపింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ రోజుల్లో భోజనం దగ్గర దాని గురించి పోట్లాడుకునేవారు. తరువాత్తరువాత తిప్పి పంపాల్సిన అవసరమే రాలేదు.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి రోడ్డు దాటి బస్సు కోసం నిలబడితే, అక్కడి బల్ల మీద నుంచి ఒక పెద్దాయన లేచి దగ్గరికి వచ్చాడు. పొట్టి క్రాపు, నిటారైన నడుము, ఇస్త్రీ నలగని చొక్కా. చంకలో గుడ్డసంచి.

"అమ్మా, లోపల తనిఖీలో ఏడో నంబరు ముద్ర ఎవరిదో మీకు తెలుసా?"

"నాదేనండీ. మీరెవరు?"

"ఆయుధాల మరమ్మతు చేస్తుంటాను. దళంలో." ఆయన గొంతు తగ్గించాడు. "మీ కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. వాడకంలో లోపం అని రెండుసార్లూ ఒకే జవాబు. గేటు దగ్గర లోపలికి పోనివ్వలేదు. మూడు రోజుల్నుంచి ఈ బల్ల మీదే కూర్చుంటున్నాను. వచ్చేపోయే ప్రతివాళ్ళనీ అడుగుతున్నాను."

సంచిలోంచి, గాజును తుపాకీకి పట్టి ఉంచే బిగింపులు రెండు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. రెండింటి అడుగునా గుండ్రటి గీతలో చిన్న ఏడు. ఆమె ముద్రే. గేజక్క వాటిని వెలుతురుకు తిప్పి చూసింది. దవడ అంచు మీద వేలు పెట్టి రాసింది. నున్నగా, పదునుగా ఉండాల్సిన అంచు నలిగి లోపలికి ముడుచుకుని ఉంది. కత్తి పీట అంచు రాతికి తగిలి మొండిబారినట్టు.

"ఎన్నిసార్లు తీసి పెట్టారు?"

"నలభై. మేం రోజూ చేసే సాధన అదే కదమ్మా. కొత్తవే, స్టోరులోంచి పది తీశాను. మూడు ఇలా అయ్యాయి."

"రెండు వేలసార్లు తట్టుకోవాలి," అంది గేజక్క. ఆ మాట బయటికి వచ్చాక తనకే వింతగా వినిపించింది.

"ఆసుపత్రి సంగతి పేపర్లో చదివారా?"

చదివింది. చదవనివాళ్ళు లేరు. రెండు నెలల కిందట ఒక ఆసుపత్రి మందుల కౌంటరులో ఒకడు పిస్తోలు పట్టుకుని దూరి, అక్కడ మందులిచ్చే అమ్మాయిని అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తెల్లవారక ముందు మొదలైంది, పొద్దెక్కి పదకొండయినా తెమల్లేదు. ఎదురు మేడ మీద దళం గురికాడు పడుకుని ఉన్నాడు. పదకొండుంబావుకు కౌంటరులోవాడు పిస్తోలు అమ్మాయి చెవికి ఆనించాడని ఆర్డరు వచ్చింది. గురికాడు ఒకే ఒక్కసారి పేల్చాడు. తూటా అమ్మాయి గొంతులో తగిలింది. ఆ చప్పుడుకు వాడు పిస్తోలు పారేసి చేతులెత్తేశాడు. ప్రాణాలతో ఉన్నాడు, కేసు నడుస్తోంది. అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు.

"చీకట్లో ఎక్కాడు కాబట్టి చీకటి గాజుతో ఎక్కాడు," అన్నాడు పెద్దాయన. "తెల్లారాక అది తీసి పగటి గాజు పెట్టాడు. మీట మూశాడు. అంతే జరిగింది. దూరం డెబ్భై మీటర్లు. ఆ దూరంలో ఆ కుర్రాడు సిగరెట్టు పెట్టె మీద ఏ అక్షరం కావాలంటే ఆ అక్షరాన్ని కొడతాడమ్మా. సరిగ్గా బిగించకుండా పేల్చాడని రాసి పక్కన కూర్చోబెట్టారు. వాడూ అదే నమ్ముతున్నాడు. అన్నం తినడం మానేశాడు."

గేజక్క మనసులోనే లెక్క వేసింది. ఆ బిగింపు పొడవుకి, ఒక చివర మిల్లీమీటరులో పదోవంతు పక్కకు జరిగితే డెబ్భై మీటర్ల దూరంలో ఏడు సెంటీమీటర్లు. మనిషి పక్కన మనిషి నిలబడితే ఏడు సెంటీమీటర్లంటే చాలా ఎక్కువ.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. "వీటిలో ఒకటి నాకిస్తారా? రేపు మిషన్ మీద పెట్టి చూస్తాను."

ఆయన ఒకటి ఇచ్చి, ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చాడు. "ఈ లాటువి మా దగ్గర నాలుగు వందల పన్నెండు కిట్లు ఉన్నాయి. నేను తీసిన పదీ తప్ప అన్నీ తుపాకుల మీదే ఉన్నాయి. నా ఒక్కడి మాట మీద ఎవరూ తీయరు. కాగితం కావాలి."

మర్నాడు ఉదయం ఏడున్నరకే గేజక్క గది తెరిచి రిజిస్టరు తీసింది. బిగింపు మీద చెక్కిన లాటు నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే తారీఖు దొరికింది. ఆ వారం ఆమెకు బాగా గుర్తుంది. గట్టిదనం కొలిచే మిషన్‌ను సర్వీసుకు పంపారు. మూడు రోజులు రాలేదు. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. సూపర్‌వైజరు గంటకోసారి వచ్చి గడియారం చూపించి పోయేవాడు. అప్పుడు ఆమె ఫర్నేసు వేడిని పెన్నుతో గీసే చార్టు చూసింది. గీత చక్కగా ఎక్కి, చదునుగా నడిచి, నున్నగా దిగింది. అడుగున అన్నయ్య సంతకం. కొలతలన్నీ సరిపోయాయి. గట్టిదనం గడిలో మాత్రం అంకె వేయాలంటే మిషన్ లేదు. 'చార్టు ప్రకారం' అని రాసి ముద్ర వేసింది. నాలుగు వందల పన్నెండు పెట్టెలకు రెండేసి చొప్పున ఎనిమిది వందల ఇరవై నాలుగు బిగింపులు. అంతకు ముందు పదిహేడేళ్ళలో ఆ గడిలో అంకె లేకుండా ఒక్క ముద్ర కూడా వేయలేదు. ఆ సంతకం ఇంకెవరిదైనా అయ్యుంటే అప్పుడూ వేసేది కాదు.

సైన్యం వాళ్ళు సరుకు తీసుకునేటప్పుడు ఐదు పెట్టెలు తీసి, ఒక్కోటీ పదిసార్లు ఊడదీసి బిగించి చూశారు. పదిసార్లకు ఏమీ తెలియలేదు.

ఆమె దవడను విడదీసి మిషన్ కింద పెట్టింది. గట్టిదనం నలభై రెండుకు తగ్గకూడదు. ముల్లు ముప్ఫై దగ్గర ఆగింది.

షెడ్డులోకి వెళ్ళి అన్నయ్యను పిలిచింది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటే, పొద్దున్నే మొహం అలా పెట్టావు?"

"ఒకసారి నా గదికి రా అన్నయ్యా."

బిగింపు చూపించి, ఎక్కడిదో, ఎవరు తెచ్చారో, ఆసుపత్రిలో ఏం జరిగిందో మొత్తం చెప్పింది. ఆయన నిలబడే విన్నాడు. చివర్న ఒకటే అన్నాడు. "నా సరుకు అలా ఉండదు. మళ్ళీ పెట్టు."

పెట్టింది. ముప్ఫై ఒకటి.

"జాగా మార్చి పెట్టు."

ఇరవై తొమ్మిది.

"మిషన్ తేడా చేసిందేమో. నమూనా ముక్క ఉంటుంది కదా, దాని మీద చూడు."

నమూనా ముక్క మీద అరవై రాసి ఉంది. మిషన్ అరవై చూపించింది. అన్నయ్య ముల్లు దగ్గరికి మొహం తెచ్చి, తల పక్కకి వంచి, ఎడమ కంటితో చూశాడు. ఆయన అలా చూడడం గేజక్క ఈ మధ్య చాలాసార్లు గమనించింది. మెడ పట్టేసిందని చెప్పేవాడు.

"ఆ రోజు ఏమైంది అన్నయ్యా?"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"మధ్యలో కరెంటు పోయింది. నలభై నిమిషాలు. వచ్చాక వేడి చెప్పే తీగ కాలిపోయింది, చార్టు మీద పెన్ను కదల్లేదు. కొత్త తీగ స్టోరులో లేదు. మొత్తం తీసి మళ్ళీ మొదలెట్టాలంటే ఇంకో రోజు. నేను కొలిమి దగ్గర పని నేర్చుకున్నప్పుడు ఈ తీగలూ పెన్నులూ ఎక్కడివి? రంగు చూసేవాళ్ళం. ముక్క ఎంత ఎర్రబడితే ఎంత వేడో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. రంగు వచ్చింది. నాకు కనిపించింది. నూనెలో దించాను. గీత తరువాత చేత్తో గీశాను."

"రంగు వచ్చిందా?"

"వచ్చిందనే అనుకున్నాను." ఆయన కళ్ళు నులుముకున్నాడు. "నాకు కుడికన్ను పొగమంచులా ఉంటోంది. ఎడమది కాస్త నయం. రెండేళ్ళైంది. కొలిమి మంట చూసీ చూసీ వచ్చే శుక్లమట. అన్నీ పచ్చగా కనిపిస్తాయి. చెబితే ఫర్నేసు నుంచి తీసేసి గోడౌన్లో అట్టపెట్టెలు మోయిస్తారు. ఇంకో మూడేళ్ళే కదా అనుకున్నాను."

గేజక్కకు తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ చేయలేకపోయింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి ఎంత వేడో అంకెతో సహా చెప్పే అన్నయ్య.

"నీ ముద్ర ఉంది కదూ దాని మీద?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"ఉంది."

"చూడకుండానే వేశావా?"

"నీ సంతకం చూసి వేశాను."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "రాసుకో. ఏం జరిగిందో అదే రాసుకో," అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆయన ఎప్పటిలాగే పని చేశాడని తరువాత తెలిసింది. కాకపోతే ప్రతి బ్యాచీకీ పక్కన ఉన్నవాణ్ణి పిలిచి రంగు చూడమన్నాడట.

మేనేజరు గదికి మధ్యాహ్నం వెళ్ళింది. ఆయన బిగింపును పట్టుకోలేదు కూడా. తలుపు వేసి రమ్మని సైగ చేశాడు.

"నువ్వు మంచిపని చేశావు గేజక్కా, ముందు నా దగ్గరికి వచ్చావు. వచ్చే విడత సరుకు రెండు నెలల్లో వెళ్తుంది. అందులో కొత్తరకం దవడ పెడదాం. మెరుగుపరిచాం, పాతవి తిరిగి పంపించండి అని రాద్దాం. గొడవ లేకుండా అన్నీ మన దగ్గరికే వచ్చేస్తాయి."

"రెండు నెలలు అవి తుపాకుల మీదే ఉంటాయి సార్."

"రోజూ ఎవరో ఒకర్ని కాలుస్తూ ఉంటారా ఏంటి?" అని, ఆ మాట తనకే బాగోలేనట్టు కిటికీ వైపు తిరిగాడు. "మీ అన్నయ్య గురించి ఆలోచించు. నీ గురించి ఆలోచించు. ఇక్కడ ఆరు వందల మంది ఉన్నారు, వాళ్ళ గురించి ఆలోచించు."

ఆమె ఆలోచించింది. నిజానికి ఆ రోజు ఆమె ఫోన్ చేయలేదు. పెద్దాయన ఇచ్చిన కాగితం బ్యాగులోంచి రెండుసార్లు తీసి, రెండుసార్లూ లోపల పెట్టేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మెట్ల మీద వదిన కూర్చుని ఉంది. అన్నయ్య చెప్పేసినట్టున్నాడు. లోపలికి రమ్మంటే వచ్చింది కానీ కుర్చీలో కూర్చోలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"కళ్ళ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నది నేనే," అంది వదిన. "ఆయన చెప్పేస్తానన్నాడు. నేనే ఆపాను. గోడౌన్లో వేస్తే ఆ మనిషి బతకలేడు. ఆ కొలిమి లేకపోతే ఆయనకి ఊపిరాడదు. నాకు తెలుసు."

"వదినా, కూర్చో."

"ఆ పిల్ల పోయింది. నాకూ బాధగానే ఉంది. నువ్వు చెప్పినా లేచి రాదు కదా? నిన్ను ఎవరు పెంచారు? నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు నీ మంచం పక్కనే కూర్చున్నదెవరు? కొత్తగా కాపురానికి వచ్చిన నన్ను కూడా పట్టించుకోకుండా."

"పోయిన పిల్ల గురించి కాదు వదినా," అంది గేజక్క. "ఇంకా నాలుగు వందల పై చిలుకు తుపాకులున్నాయి. ఆ తుపాకుల ముందు ఎవరు నిలబడతారో నాకు తెలియదు. పక్కన ఎవరు నిలబడతారో తెలియదు."

"నీకు తెలియదు కదా. తెలియనివాళ్ళ కోసం తెలిసినవాణ్ణి జైలుకి పంపుతావా?"

వదిన గేజక్క మొహం చూసి, ఆమె మనసు మారదని అర్థం చేసుకుంది. చెంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు కొలతలే చూస్తావు. ముందునుంచీ అంతే," అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి గేజక్క బస్టాండు పక్కన నిలబడి ఫోన్ చేసింది. లాటు నంబరు చెప్పింది, గట్టిదనం ఎంత వచ్చిందో చెప్పింది, తన ముద్ర ఎలా పడిందో చెప్పింది. తరువాత అవే మాటలు కాగితం మీద రాసి, సంతకం చేసి, రిజిస్టరు పేజీ నకలు జతచేసి, బస్సెక్కి వెళ్ళి పెద్దాయన చేతికే ఇచ్చింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మా, దీంట్లో మిమ్మల్ని మీరే కట్టేసుకున్నారు," అన్నాడు.

"ఉన్నదే రాశానండీ."

మూడు రోజుల్లో కిట్లన్నీ వెనక్కి పిలిచారు. నాలుగు వందల పన్నెండుకు నాలుగు వందల పన్నెండూ తీశారు. ఈలోగా ఎక్కడా కాల్పులు జరగలేదు. కానీ తాను ఫోన్ చేయకుండా గడిపిన ఆ ఒక్క రోజు గేజక్కను వదలలేదు. ఆ రోజు ఏమీ జరగకపోవడం తన గొప్ప కాదని ఆమెకు తెలుసు.

విచారణ ఫ్యాక్టరీ శిక్షణ గదిలోనే పెట్టారు. పొడుగు బల్ల, మధ్యలో కళ్ళజోడు ముక్కు చివరికి దించుకున్న అధికారిణి, పక్కన టైపు చేసే మనిషి. గేజక్క తన వంతు చెప్పింది. తరువాత అన్నయ్యను పిలిచారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. గీసుకున్నప్పుడు దవడ కింద ఒక మూల వెంట్రుకలు అలాగే మిగిలిపోయాయి. కనిపించి ఉండదు.

"చార్టు మీరే గీశారా?"

"నేనే అండీ."

"ఇన్‌స్పెక్టర్‌కు ఆ సంగతి తెలుసా?"

"తెలియదండీ. గట్టిదనం చూడక్కర్లేదు, నేను హామీ, ముద్ర వేసెయ్యి అని నేనే చెప్పాను. అన్నను కాబట్టి కాదనలేకపోయింది. తప్పు మొత్తం నాదే."

గేజక్క కుర్చీలోంచి లేచింది. "అబద్ధం మేడం. ఆయన నాకు ఆ మాట చెప్పలేదు. ఆ రోజు మేమిద్దరం అసలు మాట్లాడుకోలేదు. నేనే వేశాను."

"నువ్వు కూర్చోవే," అన్నాడు అన్నయ్య, ఇంట్లో అన్నట్టే.

"నువ్వు మొదటి రోజు ఏం చెప్పావో అదే చేస్తున్నాను అన్నయ్యా."

అధికారిణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. టైపు చేసే మనిషి చేతులు ఆపి ఎదురుచూశాడు. "రెండూ రాయండి," అంది ఆమె చివరికి. "ఎవరు చెప్పింది వాళ్ళ పేరు కిందే రాయండి."

కేసు కోర్టుకు వెళ్ళి, అన్నయ్యకు పద్దెనిమిది నెలల జైలు పడింది. గేజక్క ఉద్యోగం పోయింది, సైన్యానికి సరుకు పంపే ఏ ఫ్యాక్టరీలోనూ మళ్ళీ తనిఖీ పని చేయకూడదన్నారు. మేనేజరును ఇంకో ప్లాంటుకు మార్చారు. సూపర్‌వైజరును మందలించారు. స్టోరులో వేడి చెప్పే తీగలు ఇప్పుడు ఎప్పుడూ పది ఉంటాయట. పాత స్నేహితురాలొకతె చెప్పింది. ఆ స్నేహితురాలు తప్ప ఫ్యాక్టరీ వాళ్ళెవరూ ఆమెతో మాట్లాడడం లేదు. ఆర్డరు చేయి జారిపోయి, రెండో షిఫ్టు ఎత్తేశారు.

గురికాడి తప్పేమీ లేదని తేల్చారు. పెద్దాయన ఒకరోజు ఫోన్ చేసి, "వాడు మిమ్మల్ని ఒకసారి చూడాలంటున్నాడమ్మా," అన్నాడు. గేజక్క వెళ్ళింది.

దళం క్వార్టర్ల వెనక ఆడుకునే స్థలంలో ఇనుప బల్ల మీద గురికాడు కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మనిషి ఎముకలకు తోలు తగిలించినట్టున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి అక్కా. తిట్టడానికి పిలవలేదు."

ఇద్దరూ కూర్చున్నారు.

"తప్పు నీది కాదు, వెనక్కి రా అన్నారు," అన్నాడతను. "వెళ్ళాను. తుపాకీ చేతికిచ్చారు. కొత్త కిట్టు, కొత్త బిగింపు. పడుకుని, గాజులోంచి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేలు కదల్లేదు. అరగంట అలాగే ఉండి లేచి వచ్చేశాను. ఇప్పుడు వంటశాల స్టోరులో వేశారు."

"నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు బాబూ."

"అడగొద్దు. క్షమించడం నా వల్ల కాదు, ఆ హక్కు నాది కాదు." అతను తల దించుకున్నాడు. "నేను తెలుసుకోవాలనుకున్నది ఒకటే. ఆ రోజు మీట మూసినప్పుడు చేతికి ఏదో తేడా తెలిసి ఉండాలి కదా? మెత్తగా తగలడమో, ఏదో. నాకు తెలియలేదా, తెలిసీ పట్టించుకోలేదా అని రోజూ ఆలోచిస్తాను. మీకు ఆ పని తెలుసు కాబట్టి చెప్పండి. చేతికి తెలుస్తుందా?"

తెలియదని చెప్పేయడం సులువు. గేజక్క ఆ బిగింపులను చేత్తో ఎన్ని వందలసార్లు మూసిందో గుర్తు తెచ్చుకుంది. పెద్దాయన ఇచ్చిన దాన్ని కూడా విడదీసే ముందు మూసి చూసింది.

"నేను మూసి చూశాను. నలిగిన దాన్నీ, మంచిదాన్నీ, ఒకదాని తరవాత ఒకటి. నాకు తేడా తెలియలేదు. నాకే తెలియలేదు," అంది. అది నిజమే.

అతను తల ఊపాడు. తరువాత లేచి, గేటు దాకా ఆమె వెంట నడిచి వచ్చి వెనక్కి తిరిగాడు.

ఇప్పుడు గేజక్క సీసా మూతలు తయారుచేసే చిన్న యూనిట్‌లో పని చేస్తోంది. మూతలు లెక్కపెట్టి సంచుల్లో పోయడం. అక్కడ ఎవరూ ఆమెను గేజక్క అనరు, కొత్తావిడ అంటారు. జైలుకు రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ అన్నయ్య బయటికి రాలేదు. కోపమా అని వార్డరును అడిగితే, "సిగ్గు పడుతున్నాడమ్మా," అన్నాడతను.

ఏడాది కావస్తుండగా ఒక శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే వదిన. జుట్టు సగానికి సగం నెరిసింది. చేతిలో మడత పెట్టిన కాగితం.

"లోపలికి రా వదినా."

"వద్దులే. ఈ ఫారం నింపి పెట్టు. కొత్తగా పెట్టారు, ఇది లేకపోతే చూడనివ్వరట. నాకు ఆ గళ్ళు అర్థం కావడం లేదు."

గేజక్క బల్ల దగ్గర కూర్చుని నింపింది. ఖైదీ పేరు, నంబరు, చూడ్డానికి వచ్చేవారి పేరు, ఏమవుతారు. 'భార్య' అని రాసింది. కింద ఇంకో వరుస ఖాళీగా ఉంది. కాగితం తిప్పి ఇస్తే వదిన తీసుకోలేదు.

"ఇద్దరికి వీలుందట," అంది గోడకేసి చూస్తూ. "ఆయనే కబురు పంపించాడు, ఇద్దర్నీ రమ్మని. నీకు తీరిక లేకపోతే మానెయ్."

గేజక్క మళ్ళీ కూర్చుని, రెండో వరుసలో తన పేరు రాసి, పక్క గడిలో 'చెల్లెలు' అని రాసింది. వదిన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"రేపు ఎనిమిదింటికి బస్సు. ఆలస్యం చేస్తే నేను ఆగను," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.